డోలీ దిగిన తర్వాత రాత్రి సంగతేంటి?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఇంట్లో గర్భిణీ ఉన్నవాళ్ళు, నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్ళు ఉన్నవాళ్ళు తప్పక చదవండి.

మేము కొత్తవలసలో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్న గిరిజన అమ్మాయిలం. కొండదొర, జాతాపు, గదబ, సవర.. అన్ని తెగల వాళ్ళమూ ఉన్నాం. కొందరం జీఎన్ఎం చేశాం, కొందరం బీఎస్సీ నర్సింగ్. విశాఖలో అద్దె మా జీతానికి అందదు. కొత్తవలస అయితే అరకు నుంచి దిగే లైను, విజయనగరం నుంచి వచ్చే లైను రెండూ కలిసే చోటు. పండక్కి ఎవరి ఊరికి వాళ్ళం ఇక్కడి నుంచే బండి ఎక్కేస్తాం. డ్యూటీకి మాత్రం పెందుర్తి మీదుగా బస్సులో పోతాం. మాలో ఎక్కువ మందికి పడేది బాలింతల వార్డు, అదీ రాత్రి. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా.

మన గ్రూపుల్లో డోలీ ఫోటో వస్తే అందరం షేర్ చేస్తాం. చెయ్యాలి కూడా. రోడ్డు లేదు, అంబులెన్స్ రాదు, నొప్పులు పడుతున్న మనిషిని కర్రకి కట్టి మోసుకొస్తున్నారంటే కడుపు మండుతుంది. ఆ కోపం వల్లే కొన్ని పనులైనా జరిగాయి. 2018లో సాలూరులో ఐటీడీఏ వాళ్ళు గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండిన తల్లిని ముందే కిందికి తెచ్చి ఉంచితే డోలీ అవసరమే రాదు కదా అన్న ఆలోచన. మంచి ఆలోచన.

కానీ ఒక్క మాట అడుగుతాం. డోలీ దిగి, ఆసుపత్రి చేరి, కాన్పు అయిపోయి, తల్లినీ బిడ్డనీ వార్డులో మంచం మీద పడుకోబెట్టిన తర్వాత ఏమైందో ఎవరైనా అడుగుతున్నామా? "సుఖప్రసవం, తల్లీబిడ్డ క్షేమం" అని రాసేసి ఊరుకుంటున్నాం. అసలు భయం అక్కడే మొదలవుతుందని వార్డులో ఉన్న మాకు తెలుసు.

కాన్పు తర్వాత రక్తస్రావంతో పోయే తల్లుల్లో ఎక్కువ మంది మొదటి 24 గంటల్లోనే పోతారు. గర్భసంచి బంతిలా గట్టిపడాలి. మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. అందుకే మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకీ పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి, ప్యాడ్ చూడాలి, పల్స్, బీపీ చూడాలి. ఆ తర్వాత కూడా ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. మామూలు కాన్పులో అర లీటరు రక్తం పోతే ప్రమాదం అని పుస్తకం చెప్తుంది. రక్తం తక్కువగా ఉన్న మన తల్లులకి అంతకంటే తక్కువ పోయినా ప్రమాదమే. కొందరికి కాన్పు అయ్యాకే బీపీ పెరిగి ఫిట్స్ వస్తాయి. పిల్ల సంగతి వేరే. ఒళ్ళు చల్లబడకుండా చూడాలి, పాలు పట్టిందో లేదో చూడాలి, ఊపిరి చూడాలి.

ఇదంతా రాత్రి పూట ఎంతమంది చెయ్యాలి? మాలో ఒక చెల్లికి జరిగింది చెప్తాం. ఆసుపత్రి పేరు వద్దు, ఆ ఒక్క చోటే అని కాదు.

ఆ రాత్రి వార్డులో 18 మంచాలు, 18 మంది బాలింతలు. ఒక బిడ్డ ఎస్ఎన్‌సీయూలో ఉంది, మిగతా 17 మంది పిల్లలు తల్లుల పక్కనే. స్టాఫ్ నర్సు ఒక్కర్తే. రెండు వార్డులకీ కలిపి ఒక ఎఫ్ఎన్ఓ. రిజిస్టర్లో 18 మంది పేషెంట్లు అని ఉంది. ఆ చెల్లి చూడాల్సింది 35 ప్రాణాలు.

రాత్రి రెండు గంటలప్పుడు కొండ మీద నుంచి వచ్చిన ఒక తల్లి దగ్గరికి వెళ్ళింది. "ఏటమ్మా, ఎలాగుంది?" అంటే "ఏటీ నేదు" అంది. పక్కన అత్తగారు కూడా ఏటీ నేదనే తలూపింది. మొహం మాత్రం పాలిపోయి ఉంది. పల్స్ పట్టుకుంటే పరిగెడుతోంది. అప్పుడు ఆ చెల్లి ఆదివాసీ ఒడియాలో అడిగింది. అత్తగారు మంచం కింద నుంచి మూట బయటికి లాగింది. తడిసిన పాత చీర ముక్కలు. ప్యాడ్లు పాడుచేస్తే తిడతారేమో అని, రాత్రి పూట సిస్టర్ని విసిగించకూడదని, తనే గుడ్డలు మారుస్తూ కూర్చుంది ఆ ముసలమ్మ.

గర్భసంచి పిండిలా మెత్తగా ఉంది. ఒక చేత్తో పొట్ట మర్దన చేస్తూ, డ్యూటీ డాక్టర్ని పిలిపించి, ఆక్సిటోసిన్ పెట్టించి, రక్తం తెప్పించేసరికి నాలుగు దాటింది. తల్లి బతికింది. ఆ రెండు గంటలూ మిగిలిన 17 మంచాల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళి చూసేసరికి చివరి మంచం దగ్గర రెండు కిలోల పిల్ల ఒళ్ళు చల్లబడి, పాలు తాగకుండా పడుంది. ఆ పిల్లని తల్లి గుండెకి ఆనించి, పైన దుప్పటి కప్పి, పాలు పిండి చెంచాతో పట్టిస్తూ తెల్లార్చింది. అదృష్టం, ఆ పిల్లా బతికింది.

ఉదయం ఆ చెల్లికి మెమో ఇచ్చారు. రెండు నుంచి నాలుగు దాకా మిగతా కేస్ షీట్లలో బీపీ, పల్స్ ఎందుకు రాయలేదని! కొంతమంది రాయకుండానే రాసినట్టు నింపేస్తారు. ఈ చెల్లి చూడనిది రాయనంది. మెమో తీసుకుని బస్సెక్కింది.

ఇదేనండీ మేము చెప్పాలనుకున్నది. తప్పు ఆ చెల్లిది కాదు, డాక్టరుదీ కాదు. తప్పు లెక్కది. బాలింతల వార్డులో మంచానికి ఇద్దరుంటారు, లెక్కలో ఒక్కరే ఉంటారు. తల్లి పక్కన పడుకున్న బిడ్డ పేషెంటు కాదట!

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం మామూలు ఆసుపత్రిలో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు, టీచింగ్ హాస్పిటల్లో ముగ్గురికి ఒక నర్సు ఉండాలి. దానికే దిక్కు లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 2004 నుంచి చట్టం అమల్లో ఉంది. బాలింతల వార్డులో ఒక నర్సుకి నలుగురు తల్లులు, వాళ్ళ నలుగురు బిడ్డలు. కవలలు పుడితే తల్లులూ పిల్లలూ కలిపి 8 మంది మించకూడదు. అంటే అక్కడ బిడ్డని లెక్కపెట్టారు. డబ్బున్న దేశం కాబట్టి చేశారు అంటారేమో. నర్సుల్ని పెంచడానికి డబ్బు కావాలి, ఒప్పుకుంటాం. రిజిస్టర్లో 18కి బదులు 35 అని రాయడానికి ఏం డబ్బు కావాలి? ముందు నిజం రాస్తే కదా ఎంతమంది కావాలో తెలిసేది.

2018-20 లెక్కల్లో మన రాష్ట్రంలో లక్ష కాన్పులకి 45 మంది తల్లులు చనిపోతున్నారని వచ్చింది. దేశం సగటు 97. మనది మేలే, సంతోషమే. కానీ అది విశాఖ బీచ్ రోడ్డునీ, సాలూరు కొండనీ కలిపి తీసిన సగటు. "ఏటీ నేదు" అని ఊరుకునే తల్లి ఆ సగటులో కనపడదు.

ఇక భాష సంగతి. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేస్తాం. ఆ మహానుభావుడు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి బడులు పెట్టి, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. దగ్గర దగ్గర వందేళ్ళు అవుతోంది. మేము పనిచేసిన వార్డుల్లో "రక్తం ఎక్కువ పోతోందా? తల నొప్పిగా ఉందా? పిల్ల పాలు తాగిందా?" అనే మూడు ప్రశ్నలు సవరలోనో, కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో రాసిన కాగితం ఒక్కటి కూడా మాకు కనపడలేదు.

భాష వచ్చిన మేమున్నాం కదా అంటారు. అదీ ఒక ఇబ్బందే. కొండ నుంచి ఎవరొచ్చినా "ఆ సిస్టర్ని పిలవండి" అంటారు. పక్క వార్డుకీ మేమే, ఓపీకీ మేమే. మా మంచాలు మాత్రం తగ్గవు. మన వాళ్ళతో మన భాషలో మాట్లాడటం మాకు గర్వంగానే ఉంటుంది. అయినా అది కూడా పనే, దాన్ని పనిగా గుర్తించమంటున్నాం.

ఉదయం 8కి డ్యూటీ అయిపోదు. హ్యాండోవర్ అయ్యేసరికి 8:45. బస్సులో నిద్రపోయి కొత్తవలస దాటిపోయి ఎస్.కోటలో లేచిన రోజులున్నాయి. పగలు రేకుల గదిలో పడుకుంటే కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సులు పోతూనే ఉంటాయి. సాయంత్రం మళ్ళీ బస్సు. ఫ్యాక్టరీల చట్టం, 1948 ఆడవాళ్ళని రాత్రి 7 తర్వాత పనిలో పెట్టుకోవద్దంది. తర్వాత రాష్ట్రాలు దాన్ని సడలిస్తూ సమ్మతి ఉండాలి, బండి పెట్టాలి, భద్రత చూడాలి అని షరతులు రాశాయి. నర్సులు ఎప్పటి నుంచో రాత్రి పనిలోనే ఉన్నారు. వాళ్ళ బండి గురించి ఎవరు రాశారు? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి జరిగిన ఘోరం తర్వాత మా ఇళ్ళ నుంచి ఫోన్లు ఆగలేదు. "వచ్చెయ్యే తల్లీ" అని.

మన వాళ్ళకి కూడా ఒక మాట. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేశాక "టీచర్ పోస్టు ఇక అందదు, నర్సింగ్ చదువు" అన్నది మీరే. చదివి ఉద్యోగం చేస్తుంటే "రాత్రుళ్ళు బయట తిరిగే పిల్ల" అని సంబంధాల దగ్గర అంటున్నదీ మన వాళ్ళే. బాధగా ఉంటుంది అన్నయ్యలూ. మీ అక్కకో వదినకో కాన్పు అయిన రాత్రి మెలకువగా ఉండేది ఆ పిల్లే కదా.

గ్రూపులో కొందరు సీనియర్లు "నర్సింగ్ వద్దు, గ్రూప్స్ రాయండి" అంటున్నారు. రాయండి, అధికారులు అవ్వండి. మేము కూడా అదే కోరుకుంటున్నాం. కానీ మనలో అందరూ వార్డు వదిలేస్తే ఆ మంచం కింద మూట ఎవరు అడుగుతారు?

అందుకే మన సంఘాలు ఐటీడీఏ పీవోలకి, జిల్లా వైద్యాధికారులకి ఇచ్చే అర్జీల్లో రోడ్లు, డోలీలతో పాటు ఇవీ చేర్చాలి:

1. బాలింతల వార్డు లెక్కలో బిడ్డని కూడా పేషెంటుగా రాయాలి.
2. రాత్రి పూట ఏ బాలింతల వార్డులోనూ నర్సు ఒక్కర్తే ఉండకూడదు. కనీసం ఇద్దరు, ఆ వార్డుకే ఒక ఎఫ్ఎన్ఓ.
3. గిరిజన భాషల్లో ప్రశ్నల కాగితం ప్రతి వార్డులో ఉండాలి. భాష తెలిసిన నర్సుకి ఆ పని అప్పగిస్తే ఆమె మంచాలు తగ్గించాలి.
4. రాత్రి డ్యూటీకి వచ్చి వెళ్ళడానికి బండి, తాళం పడే విశ్రాంతి గది.

ఇవి అయ్యేదాకా మీరు చెయ్యగలిగేది ఒకటుంది. కాన్పుకి తోడు వెళ్ళే అమ్మకో, అత్తకో ముందే చెప్పి పంపండి. గంటలోపే ప్యాడ్ తడిసిపోతే, తల పగిలిపోయేలా నొప్పి వచ్చి కళ్ళు మసకబారితే, జ్వరం వస్తే, పిల్ల ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకపోయినా వెంటనే సిస్టర్ని పిలవమని చెప్పండి. తడిసిన గుడ్డలు దాచొద్దు, చూపించమనండి. ఎన్నిసార్లు పిలిచినా పర్లేదు. ఒకవేళ విసుక్కున్నా మళ్ళీ పిలవమనండి.

సాయంత్రం ఆరున్నర బస్సుకి వెళ్ళాలి, ఇక ఉంటాం. ఆ మెమోకి జవాబు ఇంకా రాయలేదు. రేపు డ్యూటీ దిగాక అందరం కూర్చుని రాద్దామనుకుంటున్నాం.

ఇట్లు,
కొత్తవలస గదుల్లోని మీ అక్కచెల్లెళ్ళు