వజ్రం దొరికాక

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’లో తీరని కోరికకు గుర్తు, కథానాయకుడు దయానిధి ఆశపడిన కోమలి అనడం మామూలే. అంతకంటే రాయలసీమలో దయానిధికి దొరికిన వజ్రమే బలమైన గుర్తు. కథ మలుపు తిరగడానికి రచయిత తెచ్చిపెట్టిన అదృష్టమని కొందరు దాన్ని కొట్టిపారేస్తారు. కాస్త సినిమా ఫక్కీయే, కాదనలేం. కానీ ఆ వజ్రం డబ్బు తెచ్చిందే తప్ప, తల్లి శీలం గురించి లోకం అన్న మాటల్ని చెరపలేకపోయింది. కోమలి చెంతకు చేరేసరికి అతనిలో ఒకప్పటి దాహం లేదు. కల అందలేదని కాదు, అందే వేళకు కన్నవాడు మారిపోయాడు. హైదరాబాద్ బాచుపల్లిలో ఇరవై ఏళ్ల వాయిదాలతో ఫ్లాటు కొని, దాని బాల్కనీలో కూర్చునే తీరిక లేక సాయంత్రాలు మియాపూర్ ట్రాఫిక్‌లో గడిపేవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదంతా చేతకానివాడి సాకేనంటారా? దయానిధి తన వెలితికి లోకాన్ని తప్పుపట్టిన ఘట్టాల్లో ఆ మాట కొంత నిజం. ఈ సంచిక వ్యాసాల్లో రెండు అదే వాదిస్తున్నాయి, చదవండి.