పాత మేళం మళ్ళీ కూడితే

మా పెద్దపంజాణి సీమలో ఎండాకాలం వచ్చిందంటే భారతం వచ్చినట్టే. చాలా ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులపాటు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ఆఖరి రోజున మట్టితో చేసిన బ్రహ్మాండమైన దుర్యోధనుడు నేలమీద పడుకొని ఉంటాడు. భీముడు వచ్చి వాడి తొడ పగలగొడతాడు. పుంగనూరు వైపున, పలమనేరు వైపున, కుప్పం వైపున ఉండేవాళ్ళు మీలో చాలామంది దీన్ని చూసే ఉంటారు.

ఈ ఏడు మా పక్క ఊళ్ళో భారతం ఇంకా నెల రోజులుందనగా ఒక తగవు బయలుదేరింది.

ఆ ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళున్నారు. ఒకాయన హార్మోనియం వాయిస్తాడు. ఆయనకు 74 ఏళ్ళు. రెండో ఆయన దుర్యోధన వేషం కడతాడు, ఆయనకు 71. ఇద్దరూ మీసాలు రాని వయసునుంచీ ఒకే మేళంలో ఉన్నవాళ్ళు. ఆరేళ్ళ కిందట డబ్బు పంపకం దగ్గర మాటా మాటా వచ్చి మేళం చెదిరిపోయింది. ఆనాటినుంచీ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఈ ఏడు కుర్రవాళ్ళు కొందరు, “పాత మేళాన్ని మళ్ళీ కలిపి ఒక్క రాత్రి ఆడిద్దాం,” అన్నారు. మరికొందరు, “వద్దు. పట్నంనుంచి మంచి సౌండు బాక్సులు తెచ్చి రికార్డు వేద్దాం,” అన్నారు.

సాయంత్రం పిల్లలు ఈ తగవును మా ఇంటి తిన్నె మీదికి తెచ్చారు. వాళ్ళలో దుర్యోధనుడి మనమడు కూడా ఉన్నాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. చిత్రమేమిటంటే, పాత మేళం వద్దనేవాళ్ళలో వాడే మొదటివాడు!

“మా తాత గొంతు ముందు మాదిరిగా లేదు సార్. పైకి పోతే పగిలిపోతుంది. పక్కూరి పిల్లకాయలు నవ్వితే నేను చూడలేను,” అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పదో తరగతి అమ్మాయి ఒకతె వెంటనే సెల్‌ఫోను తీసి, “ఇది చూడండి సార్. వీళ్ళు కూడా ముసలివాళ్ళే కదా?” అన్నది. ఫోనులో ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే వేదిక మీద ఉన్నారు. ఒకరు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారు, ఇంకొకరు ఇళయరాజాగారు. అది 2019 జూన్ 2న చెన్నైలో జరిగిన కచేరీ.

“ఆ ఇద్దరి కథ మీకు తెలుసా?” అని అడిగాను. ఎవరికీ సరిగా తెలియదు. నేను చెప్పాను. మీరూ వినండి.

బాలసుబ్రహ్మణ్యంగారు 1946 జూన్ 4న పుట్టారు. ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. బాలుగారు చిన్నప్పుడు చదివింది మనకు దూరం కాని ఊళ్ళలోనే: నగరిలో, శ్రీకాళహస్తిలో, తిరుపతిలో. తరవాత ఇంజనీరింగు చదువుకని మద్రాసు చేరి, 1966 డిసెంబరు 15న సినిమాకు మొదటి పాట పాడారు. అప్పట్లో ఆయనకు సొంతంగా ఒక చిన్న పాటల మేళం ఉండేది. ఊరూరా తిరిగి కచేరీలు చేసేవారు. ఆ మేళంలో గిటారు, హార్మోనియం వాయించిన యువకుడే ఇళయరాజాగారు. మదురై వైపు పణ్ణైపురం అనే పల్లెనుంచి వచ్చాడు. బాలుగారికంటె మూడేళ్ళు పెద్ద.

1976లో ఇళయరాజాగారు సినిమా సంగీత దర్శకులయ్యారు. ఇక చెప్పవలసిందేముంది! ఆయన బాణీ కట్టడం, ఈయన పాడడం. 1983లో వచ్చిన “సాగర సంగమం” సినిమాకు సంగీతానికి ఆయనకూ, గానానికి ఈయనకూ జాతీయ బహుమతులు వచ్చాయి. 1988లో “రుద్రవీణ”కూ అట్లాగే ఇద్దరికీ వచ్చాయి.

అటువంటి స్నేహితుల మధ్య 2017లో చిక్కు వచ్చింది. బాలుగారు పాటలు మొదలుపెట్టి 50 ఏళ్ళయిన సందర్భంగా దేశదేశాల కచేరీలు చేస్తూ ఆ మార్చిలో అమెరికాలో ఉన్నారు. తన అనుమతి లేకుండా తన పాటలు వేదికమీద పాడరాదని ఇళయరాజాగారి తరపున లాయరు నోటీసు వచ్చింది. బాణీ కట్టినవాడికి తన బాణీమీద హక్కు ఉంటుందా? ఉంటుంది. దానికి చట్టం ఉంది. కాని ఆ పాటలు పాడి పాడి పేరు తెచ్చిన గొంతుకు కష్టం కలగదా? కలుగుతుంది. అభిమానులు రెండు జట్లయి ఒకరినొకరు తిట్టుకున్నారు. బాలుగారు మాత్రం, దీన్ని గురించి ఎవరూ కటువుగా మాట్లాడవద్దని కోరి, ఆ పాటలు పక్కన పెట్టి, మిగతా పాటలతో కచేరీలు సాగించారు.

రెండేళ్ళు గడిచాయి. 2019లో ఇద్దరూ కలుసుకున్నారు, కౌగిలించుకున్నారు. ఆ కలయిక తరవాత జరిగినదే ఈ చెన్నై కచేరీ. అప్పటికి ఒకరికి 76 నిండుతున్నాయి, ఇంకొకరికి 73.

“ఇద్దరూ కలవడం బాగానే ఉంది. కాని సార్, కుర్రతనంలో ఉన్న గొంతు అప్పటికి ఉంటుందా?” అన్నాడు మనమడు.

ఉండదు. ఈ మాట దాచి ప్రయోజనం లేదు. ఎందుకుండదో తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చెయ్యండి. ఒక బెలూనులో గాలి ఊది, దాని మూతిని రెండు చేతుల వేళ్ళతో అటూ ఇటూ లాగి పట్టుకొని, గాలి కొంచెం కొంచెంగా వదలండి. కీచుమంటుంది. ఇంకా బిగించి లాగితే కీచుదనం పెరుగుతుంది. వదులు చేస్తే స్వరం దిగుతుంది. మరీ వదులు చేస్తే స్వరమే ఉండదు, ఉస్సుమని గాలి పోతుంది.

మన గొంతులో కూడా అట్లాగే స్వరపేటిక అనే చిన్న పెట్టె ఉంది. అందులో రెండు స్వరతంత్రులు ఉన్నాయి. ఊపిరితిత్తులనుంచి వచ్చే గాలికి అవి అదురుతాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళకు సెకనుకు సుమారు 100నుంచి 130 సార్లు, ఆడవాళ్ళకు సుమారు 200 సార్లు, మీవంటి చిన్నపిల్లలకు ఇంకా ఎక్కువ సార్లు అదురుతాయి. వయసు మీరిన కొద్దీ ఆ తంత్రుల్లోని కండ పలచబడుతుంది, వాటిపై తడి తగ్గుతుంది, పేటికలోని మెత్తని ఎముకలు గట్టిపడతాయి. రెండు తంత్రులూ పూర్తిగా కలుసుకోవు. ఆ సందులోనుంచి గాలి పోతుంది. బెలూను ఉస్సుమన్నట్టే! ఊపిరితిత్తులకు సాగే గుణం తగ్గడంవల్ల ఒక్క ఊపిరిలో పూర్వమంత పెద్ద చరణం అందదు.

మరి తెలిసిన గాయకుడు ఏం చేస్తాడు? శ్రుతి ఒక మెట్టు దించుకుంటాడు. హార్మోనియంమీద ఒక మెట్టు దిగితే అదురు సుమారు నూటికి 6 వంతులు తగ్గుతుంది. వినేవాడికి పాట అదే పాట. పాడేవాడి గొంతుకు మాత్రం బరువు దిగుతుంది. ఒక్క ఊపిరిలో పాడిన చోట రెండు ఊపిరులు తీసుకుంటాడు. ఎక్కడ ఆగితే అర్థం చెడదో చూసి అక్కడే ఆగుతాడు. ఆ ఎక్కడ అన్నది ఇరవై ఏళ్ళవాడికి తెలియదు. దాన్ని తెలుసుకోవడానికి యాభై ఏళ్ళు పాడాలి.

పాడకుండా ఆగిపోవడం కూడా గౌరవమే సుమా! ఎస్. జానకిగారిని చూడండి. గుంటూరు సీమలో రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టి, ఎన్నో భాషల్లో వేలాది పాటలు పాడిన ఆమె, 2017 అక్టోబరు 28న మైసూరులో కచేరీ చేసి, వేదికకు తానే నమస్కారం చెప్పారు. అప్పటికి ఆమెకు 79 ఏళ్ళు. ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ అనే మేళం ఉంది. గిటార్లు, డ్రమ్ములతో హోరుమనే రాక్ సంగీతం వాళ్ళది. 1962లో మొదలైంది. 2024లో వాళ్ళు అమెరికా అంతా తిరిగి కచేరీలు చేశారు. ముందు నిలబడి పాడే మిక్ జాగర్‌కు అప్పటికి 80 ఏళ్ళు! ఆగినావిడా సరే, సాగినాయనా సరే, ఆ నిర్ణయం పాడేవాళ్ళది. నవ్వులపాలవుతారని భయపడి వాళ్ళ తరపున మనం నిర్ణయించరాదు.

“మరి వాళ్ళలో వాళ్ళకే పడకపోతే?” అన్నది అమ్మాయి.

దానికి నేను బీటిల్స్ సంగతి చెప్పాను. లివర్‌పూలు పట్నానికి చెందిన ఆ నలుగురి మేళమంటే ఒకప్పుడు ప్రపంచమంతా వెర్రెత్తిపోయింది. 1969 జనవరి 30న లండనులో ఒక మేడమీద వాళ్ళు వాయించారు. జనం ఎదుట నలుగురూ కలిసి వాయించడం అదే ఆఖరు. 1970లో విడిపోయారు. “ఇవాళ కాకపోతే రేపు కలుస్తారు,” అని అభిమానులు పదేళ్ళు ఎదురుచూశారు. 1980 డిసెంబరు 8న వాళ్ళలో ఒకడైన జాన్ లెనన్‌ను న్యూయార్కులో ఒకడు కాల్చి చంపాడు. అతనికి 40 ఏళ్ళే. ఇక కలవడం అనే మాట లేదు.

ఇప్పుడు బాలుగారి దగ్గరికి వద్దాం. 2020 ఆగస్టులో ఆయన కరోనా జబ్బుతో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. లేచి త్వరగా రమ్మని, పోట్లాడుకున్నా స్నేహం స్నేహమేనని ఇళయరాజాగారు వీడియోలో పిలిచారు. బాలుగారు రాలేదు. సెప్టెంబరు 25న కన్నుమూశారు. లెక్కవేయండి. ఆ కచేరీకీ ఈ తేదీకీ మధ్య 16 నెలలైనా నిండలేదు. 2019లో ఇద్దరూ, “చూద్దాంలే, వచ్చే ఏడు,” అనుకొని ఉంటే ఏమయ్యేది?

తిన్నె మీద ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి మనమడు లేచి, “మా తాతనే అడుగుతాను సార్,” అని వెళ్ళిపోయాడు.

అడిగాడు. తాత సరేనన్నాడు. అమ్మాయి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని హార్మోనియం తాత ఇంటికి వెళ్ళింది. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. పెట్టె దించి, మెట్లమీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడట.

ఆ రాత్రి నేను వెళ్ళాను. దుర్యోధనుడు కిరీటం పెట్టుకొని తెర వెనకనుంచి వచ్చాడు. హార్మోనిస్టు ఆయనవైపు చూడకుండానే శ్రుతి పట్టాడు. పూర్వం పట్టే శ్రుతికి రెండు మెట్లు కింద! ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ గొంతును నలభై ఏళ్ళకు పైగా ఎరిగినవాడు గనక ఆయనకే తెలుసు. పద్యం మొదటి సగం చక్కగా సాగింది. తరవాత ఒక చోట గొంతు పగిలింది. ముందు వరసలో ఇద్దరు కుర్రవాళ్ళు నవ్వారు. నేను మనమడి వైపు చూశాను. వాడు మేళంలో కూర్చుని తాళం వేస్తున్నాడు. తల వంచుకోలేదు, తాళం తప్పలేదు. దుర్యోధనుడు ఊపిరి తీసుకున్నాడు, హార్మోనియం ఆయనకోసం ఆ స్వరంమీదే నిలిచింది, ఆయన మళ్ళీ అందుకున్నాడు. పైస్థాయి పద్యాలు మాత్రం ఆయన శిష్యుడు పాడాడు. నవ్విన కుర్రవాళ్ళు తెల్లవారేదాకా లేవలేదు.

పద్యం అయిన తరవాత హార్మోనిస్టు వెనక్కు తిరిగి, “ఆయనకి కాస్త ఉడుకునీళ్ళు ఇయ్యండప్పా,” అన్నాడు. ఆరేళ్ళ తరవాత ఒకరిని గురించి ఒకరు అన్న మొదటి మాట అదే.

బాలలూ! మీ ఊళ్ళో కూడా భజన పాడే తాత, సువ్వి పాటలు పాడే అవ్వ, డప్పు కొట్టే పెద్దాయన ఉంటారు. ఈ ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అనుమతి అడిగి ఒక పాట ఫోనులో పట్టండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఏట నేర్చుకున్నారో, వెంట ఎవరు వాయించేవారో అడిగి కాగితంమీద రాసి పెట్టుకోండి. వాళ్ళకు పాడడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టకుండా కబుర్లు విని రండి. మీరే ఏ స్నేహితుడితోనైనా మాట్లాడడం మానేసి ఉంటే, వెళ్ళేటప్పుడు వాణ్ణి కూడా వెంట పిలుచుకొని వెళ్ళండి.