మద్దెల ఓడు కాదు

ఇంట్లో స్టూడియో పెట్టుకుందామనుకునే ప్రతి కుర్రాడికీ మొదట దొరికే సలహా ఒకటే: "ఆ ఐదంగుళాల చవక మానిటర్లు బొమ్మలు తమ్ముడూ. వాటి మీద మిక్సింగ్ చేస్తే బయట తేలిపోతుంది." అది విన్నవాడు అప్పు చేస్తాడు, లేదా డబ్బు కూడేదాకా పాటను పక్కన పెడతాడు. సలహా ఇచ్చిన పెద్దమనిషి ఆ స్పీకర్లను కనబడకుండా పెట్టించుకుని ఎప్పుడైనా విన్నాడా?

వేళాకోళానికి అడగడం లేదు. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ 1994లో ప్రచురించిన పరీక్షలో ఒకే స్పీకర్లను తెర చాటున ఒకసారి, కళ్లెదుట ఒకసారి వినిపించారు. కనబడేసరికి మార్కులు మారిపోయాయి. దానికి తోడు కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపించడం మన చెవికున్న బలహీనత. షాపులో ఖరీదైన జతకు వాల్యూమ్ ఒక గీత ఎక్కువ పెడితే చాలు, బేరం కుదిరిపోతుంది.

సరే, చవక వాటిలో బేస్ చాలదంటారే, ఆ సంగతి. నా గది పది బై పది అడుగులు, ఎత్తూ దాదాపు పదే. అలాంటి గదిలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి ఒకే స్వరాన్ని, సుమారు 56 హెర్ట్జ్‌ని, పట్టుకుని ఊపుతాయి. ఒకరోజు ఆ స్వరమొక్కటే పెట్టి వదిలాను. గది నడిమధ్య కుర్చీలో కూర్చుంటే దాదాపు ఏమీ లేదు. లేచి బీరువా పక్క మూలకు వెళ్తే గుండెలో మోగుతోంది. స్పీకరూ అదే, వాల్యూమూ అదే. ఆర్నెల్లపాటు ఆ నడిమధ్యనే కూర్చుని, డప్పులో బరువు చాల్లేదని పెంచుకుంటూ పోయాను. కారులో వింటే అద్దాలు అదిరాయి. నిందంతా స్పీకర్ల మీద వేశాను! ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. లక్ష రూపాయల జతను తెచ్చి పెట్టినా ఆ కుర్చీలో ఆ స్వరం వినబడదు.

చవక వాటిలో లోపాల్లేవని నేననను. రాత్రి నిశ్శబ్దంలో ట్వీటర్ దగ్గర సన్నగా బుస వినిపిస్తుంది. గట్టిగా పెడితే తడబడతాయి. 50 హెర్ట్జ్ కిందకి పెద్దగా పోవు. అక్కడ ఏముందో హెడ్‌ఫోన్లలో చూసుకోవాలి. కానీ గొంతు పాటలో కూర్చుందా, వీణ మీద వయొలిన్ పడుతోందా అన్నది తేలేది మధ్య స్వరాల్లో. అక్కడ ఇవి అబద్ధమాడవు.

యమహా ఎన్ఎస్-10 చూడండి. 1978లో ఇంటి స్పీకరుగా వచ్చి ఇళ్లలో పెద్దగా ఆదరణకు నోచుకోలేదు. బేస్ తక్కువ, వినడానికి కటువు. అదే తర్వాత ప్రపంచమంతటా స్టూడియో కన్సోళ్ల మీదకెక్కింది. 2001లో తయారీ ఆగిపోయినా తెల్ల కోన్లతో ఇంకా అక్కడక్కడా కనబడుతూనే ఉంది. దాని మీద పనిచేసినవాళ్లు దాని తీరు తెలుసుకున్నారు, అంతే.

చాలా మానిటర్ల వెనక, గోడకు దగ్గరగా పెడితే బేస్ తగ్గించుకోవడానికి చిన్న మీట ఉంటుంది. నా స్పీకర్లు కొన్న రెండేళ్లకు గాని నేను దాన్ని ముట్టుకోలేదు. ఈ మధ్యే మీట మార్చి, కుర్చీని అడుగుంపావు ముందుకు జరిపాను. మీ స్పీకర్లను బొమ్మలన్నవాళ్లు ఈసారి ఇంటికొస్తే, ముందు వాటి మీద పల్చటి గుడ్డ కప్పి వినిపించండి.