ఎనిమిది మేఘాల మాస్టారు

1890 సెప్టెంబరులో, జపాను పశ్చిమ తీరానికి చేరువనున్న మత్సుయె పట్టణంలో కొత్త ఇంగ్లీషు ఉపాధ్యాయుడు పాఠాలు మొదలుపెట్టాడు. ఆయన పేరు లఫ్కాడియో హెర్న్. పుట్టింది గ్రీకు ద్వీపంలో, పెరిగింది ఐర్లండులో, పత్రికారచయితగా పేరు తెచ్చుకున్నది అమెరికాలో. వయస్సు నలభై. ఎడమకంటికి చూపు లేదు. జపనీస్ భాష రాదు.

విద్యార్థుల చేత ఇంగ్లీషులో వ్యాసాలు వ్రాయించినప్పుడు ఆయనకొక వింత కనిపించింది. ఒక విషయాన్ని గురించి ఎందరు వ్రాసినా అవే భావాలు, అవే పోలికలు! మరొకరైతే ఒకరిని చూసి ఒకరు వ్రాశారని దండించేవారేమో. హెర్న్ కారణం వెదికాడు. ఫ్యూజీ పర్వతాన్ని దేనితో పోల్చాలో, చంద్రుణ్ణి చూస్తే ఏమి స్ఫురించాలో ఆ పిల్లలకు తరతరాల సాహిత్యం ముందే నిర్ణయించి పెట్టింది. చకోరాలనూ కలువలనూ కవిసమయాలుగా చదువుకున్న మనకు ఇది వెంటనే బోధపడుతుంది. వ్యక్తిగత కల్పననే ప్రతిభగా ఎంచే సాహిత్యంలో పెరిగిన వానికి బోధపడడమే విశేషం. ఈ సంగతిని ఆయన 1894లో వెలువడిన తన గ్రంథంలో వ్రాశాడు.

1891లో, చితికిపోయిన సమురాయి కుటుంబానికి చెందిన సెత్సు ఆయన ఇల్లాలైంది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. విభక్తి ప్రత్యయాలు విడిచి, క్రియారూపాలు మార్చకుండా, ఇద్దరూ ఒక సొంత జపనీస్ కల్పించుకున్నారు. వ్యాకరణం ఒప్పుకోని ఆ భాషలోనే ఆమె రాత్రిళ్ళు పాతకథలు చెప్పేది. పుస్తకం చూసి చదవనిచ్చేవాడు కాడు. ఆమె సొంత మాటల్లోనే చెప్పాలి. 1904లో వచ్చిన ‘క్వైదాన్’ కథలనేకం అలా పుట్టినవే.

భార్య బ్రిటిష్ పౌరురాలైతే స్వదేశంలో ఆమె ఆస్తిహక్కులకు భంగం కలిగే రోజులవి. కనుక 1896లో హెర్నే జపాను పౌరుడయ్యాడు. అత్తవారి ఇంటిపేరు స్వీకరించి కొయిజుమి యకుమొ అయ్యాడు. యకుమొ అంటే ఎనిమిది మేఘాలు. ఆ ఏడే టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యాచార్యకత్వం లభించింది. స్వదేశీయుల జీతానికి అనేక రెట్లుండే విదేశీ జీతం మాత్రం పౌరసత్వం మారినా అలాగే సాగింది. ఆయన సులభమైన మాటలతో, నెమ్మదిగా, తడుముకోకుండా చెబుతూ ఉంటే విద్యార్థులు పొల్లుపోకుండా వ్రాసుకునేవారు. ఆ నోటు పుస్తకాల నుంచే 1915లో అమెరికాలో ఆయన ఉపన్యాసాలు గ్రంథస్థమయ్యాయి.

అప్పటికి ప్రభుత్వం విదేశీ ఉపాధ్యాయుల స్థానంలో, విదేశాల్లో చదివి వచ్చిన జపనీయులను నియమిస్తోంది. ఇల్లూ, పేరూ, పౌరసత్వమూ జపానువే అయినా విశ్వవిద్యాలయం లెక్కలో హెర్న్ విదేశీయుడే! 1903లో ఉద్యోగం పోయింది. విద్యార్థులు ఆందోళన చేశారు, ఫలితం లేకపోయింది. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆయన కన్నుమూశాడు.

ఆయన స్థానంలోకి వచ్చినవాడు నత్సుమె సోసెకి. ప్రభుత్వ ఖర్చు మీద లండన్ వెళ్ళి, రెండేళ్ళు అద్దెగదుల్లో పుస్తకాల మధ్య ఒంటరిగా కుమిలి, మనోవ్యథతో తిరిగి వచ్చినవాడు. ఆయన పాఠం విశ్లేషణతో నిండి ఉండేది. విద్యార్థులు తొలుత పాత మాస్టారినే తలచుకున్నారు. 1907లో సోసెకి కూడా ఆ కొలువు విడిచి, నవలలు వ్రాయడానికి ఒక దినపత్రికలో చేరాడు.