సలహా ఎవరికి? ముందు అది తేలాలి

ఆప్షన్ల ట్రేడింగ్ నేర్పుతామని, ఎవరికీ తెలియని చిన్న కంపెనీల షేర్లు చెబుతామని తెలుగులో మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, వరసపెట్టి కనిపిస్తారు. వాళ్లలో నిజంగా చదువుకుని చెప్పేవాళ్లున్నారు, దొంగలూ ఉన్నారు. ఎవరు ఏ రకమో పోల్చుకోవాలంటే ఒక సంగతి గమనించండి: తమ మాట ఎవరు వినాలని వాళ్లు కోరుకుంటున్నారు, అందుకోసం ఏం చేస్తున్నారు? వినేవాళ్లను ఏరుకునే పని దొంగలు ఎంతో ఓపిగ్గా చేస్తున్నారు. నిజాయితీగా చెప్పేవాళ్లేమో ఎంతమంది విన్నారని లెక్కేసుకుంటున్నారు తప్ప ఎవరు విన్నారన్నది పట్టించుకోవడం లేదు. ఈ రెంటి మధ్యా జనం డబ్బు పోతోంది, రోజూ పోతోంది.

ఎవరు వింటున్నారో తెలియదని ఇక ఎవరూ అనలేరు. 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలోకి దిగిన వ్యక్తులు కోటీ 13 లక్షల మంది. అందులో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలా సగటున 2 లక్షల రూపాయల దాకా పోయింది. అంతా కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఈ అంకెలు పత్రికల్లో వచ్చాయి, చాలామంది చదివారు. అదే నివేదికలో ఉండి కూడా ఎక్కువమంది దృష్టికి రానివి వేరే ఉన్నాయి. 2023-24లో ఈ ఆటలో ఉన్నవాళ్లలో 43 శాతం మంది ముప్పై ఏళ్లు నిండనివాళ్లు. ముందటేడు అది 31 శాతమే. నాలుగింట మూడు వంతుల మంది ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం చూపించినవాళ్లు. పెద్ద నగరాలు ముప్పై పక్కన పెడితే, మిగతా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు 72 శాతం పైనే. రెండేళ్లు వరసగా నష్టపోయినవాళ్లలో కూడా మానుకోనివాళ్లు నాలుగింట మూడు వంతులకు మించి ఉన్నారు.

మరి అవతలి పక్కన ఎవరున్నారు? 2023-24లోనే సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28 వేల కోట్లు లాభం తీశాయి. అందులో దాదాపు అంతా కంప్యూటర్ అల్గారిథమ్‌లతో తీసిందే. జిల్లా కేంద్రంలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు ఫోనులో కొన్న ఆప్షన్‌కు అవతల నిలబడింది వాళ్లు. తెలుగులో ఆప్షన్ల పాఠం చెప్పే ప్రతివారూ తన ముందున్నది ఈ కుర్రాడే అనుకుని నోరు తెరవాలి.

పాఠం తప్పుగా ఉంటేనే ప్రమాదమని కాదు. ఒప్పుగా ఉన్న పాఠం కూడా తప్పు మనిషి చెవిన పడితే ముంచుతుంది. “ఒక ట్రేడులో మూలధనంలో ఒక శాతానికి మించి పోగొట్టుకోవద్దు” అన్నది ఎంతో మంచి నియమం. పది లక్షలున్న మనిషికి అది పది వేలు. ఆ హద్దులో ఉండి ఆడవచ్చు. ఇరవై వేలతో దిగిన కుర్రాడికి అది 200 రూపాయలు. నిఫ్టీ ఆప్షన్లో ఒక లాటు అంటే 75 యూనిట్లనుకుందాం. ప్రీమియం 3 రూపాయలు తగ్గితే 225 పోయినట్టే. మూడు రూపాయలు తగ్గడానికి అక్కడ ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు. అంటే ఆ నియమం పాటించడం అతని వల్ల కాదు, ఎంత బుద్ధిమంతుడైనా కాదు. “ఇరవై వేలున్నవాళ్లు ఇందులోకి రావద్దు” అన్న ఒక్క మాట పాఠానికి ముందు చెప్పి ఉంటే కొంతమందైనా ఆగేవారు. ఆ మాట చెబితే చూసేవాళ్లు తగ్గుతారని భయం. తగ్గాలి కూడా. వాళ్లు మీ వాళ్లు కారు.

“ఈ షేరు కొని ఐదేళ్లు మర్చిపోండి” అనే సలహాదీ ఇదే కథ. పాతికేళ్ల ఉద్యోగికి అది సరిపోవచ్చు. వచ్చే మాఘంలో కూతురి పెళ్లి పెట్టుకున్న తండ్రికి, రిటైరై పీఎఫ్ డబ్బు చేతికొచ్చిన మాస్టారికి అదే మాట ఉరితాడు. పైగా మన ఇళ్లలో సలహా ఒకరి దగ్గర ఆగదు. కొడుకు విన్నది సాయంత్రానికి నాన్నకు చేరుతుంది, రాత్రికి బావగారి వాట్సాప్‌లో ఉంటుంది. అక్కడికి చేరేసరికి “ఐదేళ్లు” ఊడిపోయి షేరు పేరొక్కటే మిగులుతుంది.

చిన్న కంపెనీల షేర్లలో ఇంకో ప్రమాదం ఉంది, దీని మీద మరింత గట్టిగా చెప్పాలి. రోజుకు కొన్ని లక్షల రూపాయల వ్యాపారం మాత్రమే జరిగే షేరు గురించి యాభై మందికి చెబితే అది సమాచారం. యాభై వేల మందికి చెబితే ఆ చెప్పడమే ధరను లేపుతుంది. ముందు కొన్నవాడు లాభం చూసుకుంటాడు. ఆఖరున కొన్నవాడు అమ్ముదామని వస్తే కొనేవాడుండడు. రోజూ లోయర్ సర్క్యూట్, ఆర్డరు అలాగే ఉండిపోతుంది. చెప్పినవాడికి దురుద్దేశం లేకపోయినా జరిగేది ఇదే. అందుకే ఇలా వ్యాపారం తక్కువగా జరిగే షేర్ల గురించి మాట్లాడేవాడికి జనం పెరగడం గొప్ప కాదు, బాధ్యత.

దురుద్దేశం తోడైతే ఎంత దూరం వెళుతుందో సాధనా బ్రాడ్‌కాస్ట్ వ్యవహారంలో చూశాం. ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద పారిశ్రామిక గ్రూపు కొనబోతోందంటూ 2022లో రెండు యూట్యూబ్ ఛానళ్లలో అబద్ధపు వీడియోలు పెట్టారు. డబ్బు కట్టి మరీ వాటిని జనం ముందుకు తోశారు. కొన్ని నెలల్లో చిన్న వాటాదారులు 2,167 మంది నుంచి 55,343 మందికి పెరిగారని సెబీ 2023 మార్చి ఉత్తర్వులో రాసింది. అంతమంది ఎగబడి కొంటుంటే లోపలివాళ్లు తమ దగ్గరున్నవి వాళ్లకు అమ్ముకున్నారు. చివరి ఉత్తర్వు 2025 మేలో వచ్చింది. అప్పటికి దాదాపు మూడేళ్లు గడిచాయి. ఆ యాభై మూడు వేల మందిని వెతికి పట్టుకోవడానికే అక్కడ డబ్బు ఖర్చు పెట్టారని గుర్తుంచుకోండి. కంపెనీ అన్నది ఒక సాకు.

మోసం లేకపోయినా మంద మందే. 2024 ఆగస్టులో ఢిల్లీలో రెండు షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులున్న బైకుల డీలరు, రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్, దాదాపు 12 కోట్ల కోసం చిన్న కంపెనీల (ఎస్ఎంఈ) పబ్లిక్ ఇష్యూకు వస్తే 4,700 కోట్లకు పైగా బిడ్లు పడ్డాయి. ఆ కంపెనీ పత్రాలు చదివి వేసినవాళ్లు అందులో ఎందరుంటారు?

ఇక దొంగలు మనుషుల్ని ఎలా ఏరుకుంటారో దగ్గర్నుంచి చూడండి. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటన వస్తుంది. నొక్కితే వాట్సాప్ గ్రూపు, అందులో ఒక “ప్రొఫెసర్”, ఆయనకో “అసిస్టెంట్”. మొదటి రోజే ఒక ఫారం పంపుతారు. పేరు, వయసు, ఊరు, ఉద్యోగమా రిటైరయ్యారా, డీమ్యాట్ ఖాతా ఉందా, ఎంత పెట్టగలరు: 50 వేల లోపా, 5 లక్షల దాకానా, అంతకు మించా? నింపేవాళ్లు ఇదేదో పద్ధతి ప్రకారం నడిచే సంస్థ అనుకుంటారు. నిజానికి అది వలలో పడ్డవాళ్లను తూకం వేసుకునే కాగితం. తక్కువ రాసినవాళ్లు ఉచిత గ్రూపులోనే ఉండిపోతారు. ఎక్కువ రాసినవాళ్లకు “వీఐపీ” గ్రూపులో చోటిస్తారు, రోజూ గుడ్ మార్నింగ్ చెబుతారు, ఆరోగ్యం అడుగుతారు. గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లలో చాలామంది వాళ్ల మనుషులే. ఎవరైనా అనుమానంగా ఒక ప్రశ్న వేస్తే మరునిమిషంలో తీసేస్తారు. అలా తీసేయగా తీసేయగా నమ్మేవాళ్లే మిగులుతారు. తరవాత ఒక యాప్. మొదట ఐదు వేలు వెనక్కి తీసుకోనిస్తారు, ధైర్యం వస్తుంది. ఆ పైన లక్షలు పెట్టాక, తీసుకుందామంటే “లాభంలో 20 శాతం పన్ను ముందు కట్టాలి” అంటారు.

నిజమైన సలహాదారు కూడా ఫారం ఇస్తాడు, డబ్బు గురించి అడుగుతాడు. 2013 నాటి సెబీ నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వయిజరు మీ వయసు, ఆదాయం, అప్పులు, ఎంత నష్టం తట్టుకోగలరు అన్నవి తెలుసుకుని, మీకు తగినదే చెప్పాలి. ఆ రికార్డు ఐదేళ్లు దాచాలి. తేడా ఎక్కడో గమనించండి. ఒకడు మీ దగ్గర ఎంత లాగవచ్చో తెలుసుకోవడానికి అడుగుతున్నాడు. ఇంకొకరు మీకు ఏది వద్దో తెలుసుకోవడానికి అడుగుతున్నారు. అడిగినదంతా విన్నాక “ఇది మీకు సరిపడదు, ముందు ఆ అప్పు తీర్చుకోండి” అని పంపించే మనిషి దొరికితే వదులుకోకండి. మోసగాడి నోట ఆ మాట రాదు.

తెలుగులో నిజాయితీగా చెబుతున్నవాళ్లకు ఒక విన్నపం. మీరు చెప్పే సంగతి ఎవరికి కాదో మొదటి నిమిషంలోనే చెప్పండి, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. ఆ షేరు మీ దగ్గర ఉంటే ఉందని చెప్పండి. రోజుకు అందులో ఎంత వ్యాపారం జరుగుతుందో చెప్పండి. నష్టపోయినవి కూడా లాభపడ్డవాటి పక్కనే పెట్టండి. “కేవలం శిక్షణే” అన్న ముసుగు ఇక నిలవదు: శిక్షణ పేరుతో మాట్లాడేవాళ్లు గడిచిన మూడు నెలల ధరలు వాడుకుని ఏ షేరు గురించీ చెప్పకూడదని సెబీ 2025 జనవరిలోనే స్పష్టం చేసింది. ఫలానా షేరు కొనమని డబ్బు తీసుకుని చెప్పాలంటే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఎవరో ఒక పెద్ద నగరపు గురువును చూసి థంబ్‌నెయిల్ మీద కారు బొమ్మ, నోట్ల కట్టల బొమ్మ పెట్టకండి. ఆ బొమ్మ చూసి వచ్చేది అప్పుల్లో ఉన్నవాళ్లు. వాళ్లు మీ పాఠం వినరు, బొమ్మనే నమ్ముతారు.

చదివేవాళ్లు, చూసేవాళ్లు చేయాల్సింది కొంచెమే. సలహాదారు అయితే రిజిస్ట్రేషన్ సంఖ్య ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టు అయితే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సంఖ్య చూపించగానే నమ్మొద్దు. ఇతరుల సంఖ్య వాడుకునేవాళ్లున్నారు. సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరు వెతికి, అక్కడున్న ఫోను నంబరుకే మీరు చేయండి. 2025 అక్టోబరు నుంచి రిజిస్టరైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు ‘@వ్యాలిడ్’ అనే మాటతో కూడిన ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. వ్యక్తి పేరు మీదున్న ఖాతాకో, ఏదో ట్రేడర్స్, ఎంటర్‌ప్రైజెస్ పేరున్న ఖాతాకో పెట్టుబడి డబ్బు పంపమంటే అక్కడే ఆపేయండి. యాప్‌లో కనిపించే షేర్లు మీకు నిజంగా ఉన్నాయా అన్నది ఎన్ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో చూడండి. అందులో లేకపోతే ఎక్కడా లేవు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లూ ఇది వినాలి: ఎన్ఆర్ఐలకు లాభం మీద టీడీఎస్ ఉంటుంది, కానీ అది వచ్చే డబ్బులోంచే పట్టుకుంటారు. ముందు మీరు కడితే తరవాత మేమిస్తామనడం ఏ చట్టంలోనూ లేదు.

ఇప్పటికే అలాంటి గ్రూపులో ఉండి, డబ్బు పంపి ఉంటే ఈ పేరా అయ్యేదాకా కూడా ఆగకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగేది మొదటి కొన్ని గంటల్లోనే. గ్రూపులో గొడవపడి బయటికి రావద్దు; ముందు చాట్లు, ఖాతా నంబర్లు, లావాదేవీల యూటీఆర్ సంఖ్యలు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు. ఇంకొక్క మాట. మోసపోయినవాళ్ల నంబర్లు కూడా ఆ ముఠాలకు సరుకే. కొన్ని వారాలకు “మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫైలు ఖర్చులు పంపండి” అంటూ లాయరుననో, సైబర్ పోలీసుననో ఫోను వస్తుంది. 1930లో గాని, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయడానికి రూపాయి ఖర్చు లేదు. ఆ ఫోను చేసినవాడికి ఒక్క పైసా పంపకండి, ఆ నంబరును కూడా ఫిర్యాదులో చేర్చండి.