ఈములు సరే, కొనేదెవరు?

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "మావయ్యా, బాపట్ల దగ్గర ఇసుక పొలం అరెకరం ఖాళీగానే ఉంది. రెండు జతల ఈములు పెడితే ఎట్లా ఉంటుంది?" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద నేనూ ఇదే ప్రశ్న వేశాను. అప్పుడు నాకు జవాబు చెప్పినవాడు ఈము పిల్లలు అమ్ముకునేవాడు. అందుకే మేనల్లుడితో అన్న మాటలు నలుగురికీ చెప్పాలనిపించింది.

మాది రేపల్లె వైపు నల్లరేగడి. వరి, ఆ తర్వాత మినుము. అక్కడ దొడ్డి వెయ్యాలంటే ముందు మట్టి తోలించి మెరక చేసుకోవాలి, లేకపోతే వానాకాలమంతా పక్షులు బురదలోనే నిలబడతాయి. ఇసుక నేలలో నీళ్లు ఇంకిపోతాయి. నాకు లేని సుఖం వాడికి అదొకటి ఉంది.

ఆరడుగుల చైన్‌లింక్ కంచె, జతకి వందడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. ఈ మాత్రం ఎవరైనా చెబుతారు. కంచె కట్టిన మర్నాటి పని మాత్రం ఎవరూ చెప్పరు. తెగిపడ్డ తీగముక్కలు, మేకులు, గాజుపెంకులు ఒక్కటి మిగలకుండా ఏరాలి. మెరిసేది కనబడితే ఈము మింగేస్తుంది. నేనూ మా ఆవిడా రెండు రోజులు నడుం వంచి ఏరాం, చివర్లో అయస్కాంతానికి తాడు కట్టి దొడ్డంతా ఈడ్చాం. ఈము పిల్లల గదిలో నున్నటి గచ్చు ఉంటే కాళ్లు జారి చీలిపోతాయని గోనెసంచులు పరిచాం. పెద్ద పక్షికి ఎదురుగా వెళ్లకూడదు, ముందుకి తంతుంది.

గుడ్డు ముదురాకుపచ్చ, అరకిలోకి పైనే. దీపం దగ్గర పెట్టి పిండం ఉందో లేదో చూసే కోడిగుడ్డు విద్య ఇక్కడ పనికిరాదు, ఆ పెంకులోంచి వెలుతురు రాదు. పొదిగేది మగపక్షి. ఎనిమిది వారాలు, దాదాపు మేత మానేసి. మా ఆవిడ నన్ను చూసి ఏదో అనబోయి ఊరుకునేది.

ఇంక్యుబేటర్ పెట్టుకుంటే చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈము గుడ్లు పెట్టేది చలికాలంలో, అక్టోబరు నుంచి. మనకి తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గుడ్డు పిల్లవడానికి యాభై రోజులు కావాలి, మనకి కరెంటు పోవడానికి ఒక్క గాలి చాలు. జనరేటర్ ఖర్చు మొదటి లెక్కలోనే వేసుకోవాలి.

ఈ విద్యలన్నీ నాకు వచ్చాయి. రానివాడు కొనేవాడు ఒక్కడే. నేను పక్క ఊరి రైతు దగ్గర పిల్లల్ని కొన్నాను, నా పిల్లల్ని అవతలి ఊరి రైతు కొన్నాడు. అందరం పిల్లల్నే కొని పిల్లల్నే అమ్మాం. వండుకున్నవాడు ఒక్కడూ లేడు. నూనె, తోలు, ఈకలు, కొవ్వు తక్కువ మాంసం, ఇవన్నీ కరపత్రంలోనే ఉండిపోయాయి. తెనాలిలో ఒక మాంసం కొట్టాయన ముక్కని తిప్పి తిప్పి చూసి, "ఇది కోడా, పొట్టేలా?" అని అడిగాడు. ఎర్రగా ఉంటుంది కదా. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. చివరికి ఒక తోట యజమాని చూడ్డానికి బాగుంటాయని నా పక్షుల్ని ఉచితంగా తోలుకుపోయాడు. ఆ కంచె మీద ఇప్పుడు కాకర పాకుతోంది.

అమెరికాలో 1990ల్లోనే ఇదే జరిగింది. జతల ధర ఆకాశానికెక్కి, తినేవాళ్లు లేక కూలిపోయింది. ఆ సంగతి మనదాకా రాలేదు, పిల్లలు మాత్రం వచ్చాయి. 2012లో తమిళనాడులోని పెరుందురైలో డిపాజిట్లు తీసుకుని ఈములిచ్చిన సంస్థ మూతబడితే, వేల పక్షులకి మేత పెట్టే పని ప్రభుత్వం మీద పడింది.

శిక్షణ తరగతులు పెట్టేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. కంచె, మేత, జబ్బులు మొదటి రోజు చెబుతారు. అమ్మకం ఆఖరి రోజు, భోజనాలయ్యాక. అమ్మకంతో మొదలుపెడితే సగంమంది ఆ పూటే ఇంటికెళ్తారు. వెళ్లనివ్వండి. అప్పిచ్చేవాళ్లు కూడా ఇంక్యుబేటర్ కొటేషన్ కంటే ముందు, కొంటానని ఎవరైనా సంతకం పెట్టిన కాగితం అడగాలి.

మా వాణ్ణి తెనాలిలో నాలుగు మాంసం కొట్లు తిరిగి రమ్మన్నాను. మొన్న ఫోన్ చేశాడు. ముగ్గురు నవ్వారట. నాలుగోవాడు మాత్రం శ్రద్ధగా విని, "నాటుకోళ్లు ఏమన్నా పెంచుతావా బాబూ?" అన్నాడట.