నాలుకకూ ఓ చదువుంది!

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి విజయనగరం గంటస్తంభం దాకా ఎక్కడ చూసినా 'వైన్స్' అన్న బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు నమ్మి లోపలికెళ్లి ఎవరైనా నిజంగానే వైన్ అడిగితే మాత్రం కొట్టువాడు ఓసారి ఎగాదిగా చూస్తాడు. అక్కడ అమ్ముడయ్యేది బ్రాందీ, విస్కీ, బీరు. పేరు మాత్రం పాపం ద్రాక్షరసానిది!

అలాంటిచోట... వైన్ రుచి చూడటం నేర్పడానికి బడులున్నాయనీ, అక్కడ తరగతులూ పరీక్షలూ ఉంటాయనీ, తప్పినవాళ్లు మళ్లీ మళ్లీ రాస్తారనీ చెబితే నవ్వు రావడం సహజం. 'తాగడానికి కూడా చదువా?' అంటారు పెద్దవాళ్లు. నిజానికి ఆ బడిలో మొదట నేర్పేది తాగడం కాదు, ఉమ్మేయడం!

ఉమ్మడమే తొలి పాఠం

ఈ చదువుకు పేరున్న సంస్థ లండన్‌లోని 'వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్'. 1969లో మొదలైంది. నాలుగు మెట్ల చదువు. మొదటి మెట్టు ఒక్కరోజులో పూర్తవుతుంది. నాలుగోది డిప్లొమా, దానికి ఏళ్లు పడుతుంది. మన దేశంలోనూ పెద్ద నగరాల్లో ఈ కోర్సులు నడుస్తున్నాయి.

పద్ధతి చాలా క్రమంగా ఉంటుంది. ముందు గ్లాసును తెల్లకాగితం మీదకు వంచి రంగు చూడాలి. తర్వాత వాసన. ఆ తర్వాత ఓ గుక్క నోట్లో పోసుకుని నాలుకంతా తగిలేలా తిప్పి, తీపెంత, పులుపెంత, వగరెంత, మంటెంత అన్నది కాగితం మీద రాసుకోవాలి. పక్కనే ఉన్న పాత్రలో ఉమ్మేయాలి. చివరికి ఆ వైన్ నాణ్యమైనదో కాదో కారణాలతో సహా తేల్చిచెప్పాలి. 'బాగుంది' అంటే మార్కులు పడవు. ఎందుకు బాగుందో చెప్పాలి.

ఈ చదువులో శిఖరం 'మాస్టర్ ఆఫ్ వైన్'. 1953లో తొలిసారి పరీక్ష పెడితే 21 మంది రాశారు, ఆరుగురే గట్టెక్కారు. ఇప్పటికీ అందులో పేరూ ఊరూ లేని 36 రకాల వైన్లను మూడు విడతల్లో ముందుంచుతారు. రుచీ వాసనల్ని బట్టి అది ఏ ద్రాక్షతో చేసిందో, ఏ దేశానిదో, ఏ తీరున తయారైందో వాదించి నిరూపించాలి. సిద్ధాంత పరీక్షలు, పరిశోధన పత్రం అదనం. భారతదేశం నుంచి ఆ పట్టా తొలిసారి అందుకున్నది ఓ మహిళ... ముంబయికి చెందిన సోనాల్ హాలండ్. అది 2016లో.

వగరు తెలిసిన నేల

ఇంతకీ ఆ బడిలో నేర్చుకునేది ఏమిటి? ఎక్కువ భాగం ముక్కుకు సంబంధించిందే. శాస్త్రం ప్రకారం నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి... ఈ అయిదే. మిగతా 'రుచి' అంతా నోటి వెనకనుంచి ముక్కులోకి వెళ్లే వాసనే. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండేది అందుకే.

మన పెద్దలు షడ్రుచులన్నారు. వాటిలో కారం, వగరు కూడా ఉన్నాయి. శాస్త్రవేత్తలు వాటిని రుచులనరు. కారం మంట, వగరు స్పర్శ అంటారు. కానీ వైన్ విద్యార్థులు రోజుల తరబడి కుస్తీపట్టేది ఆ వగరుతోనే. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ దిగే టానిన్లు చిగుళ్లను పట్టేసినట్టు చేస్తాయి. అది మెత్తటి వగరా, గరుకు వగరా అని పోల్చుకోవడం పెద్ద పాఠం. పలాస చుట్టుపక్కల జీడితోటల్లో పెరిగిన పిల్లలకు ఈ పాఠం అక్కర్లేదు. జీడిమామిడి పండు కొరికి గొంతు పట్టేసుకున్న అనుభవం వాళ్లకు మూడో తరగతిలోనే అయిపోయి ఉంటుంది!

పులియడం సంగతీ అంతే. తెల్లారగట్ల దించిన తాటికల్లు తీయగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది, ఘాటెక్కుతుంది. గాల్లోనూ కుండలోనూ ఉన్న ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. వైన్ తయారీలో అసలు సూత్రం ఇదే. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో, ఏ వేళకు ఎంత పులుస్తుందో గీత కార్మికుడు వాసన చూసి చెప్పేస్తాడు. ఆ జ్ఞానానికి పట్టా లేదు, అంతే తేడా.

ఏ ఉసిరి?

ఆ మాటకొస్తే ఈ చదువులో అసలు చిక్కు మాటల దగ్గరే. 1984లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పనిచేసే యాన్ నోబుల్ అనే శాస్త్రవేత్త వైన్ వాసనలన్నిటినీ ఓ చక్రంలా అమర్చారు. లోపలి వలయంలో 'పండు' అని ఉంటే, బయటికి వచ్చేకొద్దీ ఏ జాతి పండు, ఏ పండు అని విడిపోతుంది. అంతకుముందే 1981లో ఫ్రాన్స్‌లో జాన్ లెన్వార్ 54 చిన్న సీసాల పెట్టె తయారుచేశారు. ఒక్కో సీసాలో ఒక్కో వాసన. అక్షరాలు దిద్దినట్టు వాసనల్ని దిద్దుకోవాలి.

మరి బొబ్బిలి కుర్రాడు ఆ తరగతిలో కూర్చుంటే? 'ఈ తెల్ల వైన్‌లో గూస్‌బెర్రీ వాసన పట్టుకో' అంటారు. మనం గూస్‌బెర్రీ అంటే ఉసిరి అనుకుంటాం. వాళ్ల గూస్‌బెర్రీ వేరు, మన ఉసిరికాయ వేరు. రెండింటికీ చుట్టరికమే లేదు. పాపం, ఆ కుర్రాడు లేని ఉసిరికోసం గ్లాసంతా వెతుకుతాడు. దొరక్కపోతే తన ముక్కు పనిచేయడం లేదనుకుంటాడు. ముక్కు బాగానే ఉంది, నిఘంటువే పరాయిది. అదే కుర్రాడికి పనసతొన, మాగిన తాటిపండు, ఎండుతున్న మామిడి తాండ్ర, తొలి వానకు తడిసిన మట్టి... ఈ వాసనలు కళ్లు మూసుకున్నా తెలుస్తాయి. వాటి పేర్లతో గుర్తుపెట్టుకుంటే చదువు సులువవుతుంది.

కళ్లు చేసే మోసం

'ఇదంతా గొప్పలకు పోవడం కాదూ?' అని అనుమానం రావచ్చు. 2001లో అచ్చయిన ఓ ఫ్రెంచి పరిశోధన ఈ అనుమానానికి బలమిచ్చింది. బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని వర్ణించడానికి ఎర్ర వైన్‌కు వాడే మాటలే వాడారు! కళ్లు ముందే తీర్పు చెప్పేస్తే ముక్కు తలూపిందన్నమాట.

అంటే చదువు దండగనా? కాదు. ఇంత తేలిగ్గా మోసపోతాం కాబట్టే చదువు కావాలి. మంచి పరీక్షల్లో సీసా మీద పేరు కనిపించదు, ధర కనిపించదు. ఎవరు చేశారన్న సంగతి పక్కనపెట్టి, నోట్లో ఉన్నదాన్నే నమ్మడం నేర్పడమే ఆ బడి చేసే మేలు.

ఇక మద్యం సంగతి దాచాల్సిందేమీ లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడిన రాష్ట్రం ఇది. 1995లో మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయిన వైనం ఇంటింటికీ తెలుసు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ మద్యంలో ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. వైన్ కోర్సు చేస్తే ఆ నిజం మారదు. కానీ ఆ కోర్సులోని విద్య ఉంది చూశారూ... దానికి మద్యంతో పనిలేదు. దాన్ని మన కొండలమీదే వాడుతున్నారు.

కొండమీద కప్పు

కొత్తవలసలో మొదలయ్యే కిరండూల్ రైలు మార్గం సొరంగాలు దాటుకుంటూ అరకు చేరుతుంది. ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డెక్కితే అనంతగిరి దగ్గర్నుంచే మిరియపు తీగలు పాకిన చెట్ల నీడన కాఫీ మొక్కలు పలకరిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు ఏడాది పారిస్‌లో ఇచ్చే 'ప్రి ఎపిక్యూర్' పురస్కారాల్లో అరకు కాఫీ బంగారు పతకం గెలుచుకుంది.

ఈ పేరు ఎలా వచ్చింది? రుచి చూసేవాళ్ల నోటిద్వారా. కాఫీలో ఈ పనిని 'కప్పింగ్' అంటారు. ఒకే రకం గింజల్ని లేతగా వేయించి, పొడిచేసి, అయిదు కప్పుల్లో వేస్తారు. 150 మిల్లీలీటర్ల నీటికి ఎనిమిది గ్రాముల పైచిలుకు పొడి. నీళ్లు దాదాపు 93 డిగ్రీల వేడిమీద ఉండాలి. నాలుగు నిమిషాలు ఆగి, పైన తేలిన తెట్టును చెంచాతో పగలగొట్టి, కప్పుమీదకు వంగి వాసన పీలుస్తారు. కాస్త చల్లారాక చెంచాతో తీసుకుని సర్రుమని శబ్దం వచ్చేలా జుర్రుతారు. మన ఇళ్లలో పిల్లలు అలా జుర్రితే మొట్టికాయ పడుతుంది. ఇక్కడ అది పద్ధతి. అలా జుర్రితేనే కాఫీ తుంపరలై నోరంతా పరుచుకుని వాసన ముక్కుకెక్కుతుంది. తర్వాత... ఇక్కడా ఉమ్మేయడమే!

చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిలో సువాసన, పులుపు, చిక్కదనం, తీపి, మింగాక మిగిలే రుచి వంటి పది అంశాలకు మార్కులు వేస్తారు. నూటికి 80 దాటితే అది 'స్పెషాలిటీ' కాఫీ. అయిదు కప్పులు ఎందుకంటే, ఒక్క కప్పులో ఒక్క పాడు గింజ ఉన్నా పట్టుబడాలని. పచ్చికాయ కలిస్తే వగరు, పండు ఎక్కువ పులిస్తే పుల్లకంపు. రైతు కోతలోనో కడగడంలోనో ఆరబెట్టడంలోనో ఎక్కడ పొరపాటు జరిగిందో నాలుక చెప్పేస్తుంది.

ఈ చదువుకు మన దేశంలో సర్కారీ దారే ఉంది. బెంగళూరులోని కాఫీ బోర్డు కాఫీ నాణ్యతపై ఏడాది పీజీ డిప్లొమా నడుపుతోంది. సైన్సు డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులు. ఎంపికలో ఇంటర్వ్యూతోపాటు రుచీ వాసనా పోల్చే పరీక్ష కూడా ఉంటుంది. తీరిక లేనివాళ్లకు 'కాపీ శాస్త్ర' పేరుతో కొద్దిరోజుల శిక్షణ ఉంది. ఆసియాలో తొలి మహిళా కాఫీ టేస్టర్‌గా పేరుపొందిన సునాలినీ మేనన్ ఈ కాఫీ బోర్డులోనే పనిచేసి, తర్వాత బెంగళూరులో సొంతంగా కాఫీ పరీక్షల ల్యాబ్ పెట్టారు.

రుచి తెలిస్తే ధర తెలుస్తుంది

ఈ విద్య గిరిజన రైతుకు ఎందుకు? కాఫీ పండ్లు ఎండబెట్టి సంతలో దళారికి పోసినంతకాలం, తూకం అతనిది, మాట అతనిది, ధర అతనిది. రైతుకు తెలిసిందల్లా బరువొక్కటే. సహకార సంఘాలు వచ్చి, ఎర్రగా పండినవే ఏరి కోసి, ఒకేచోట శుద్ధిచేయడం మొదలయ్యాక లెక్క మారింది. నాంది ఫౌండేషన్ అండతో రైతుల కాఫీలకు పోటీలు పెట్టి, విదేశీ టేస్టర్లను రప్పించి మార్కులు వేయించారు. తన తోట కాఫీకి 85 మార్కులొచ్చాయని తెలిసిన రైతుతో బేరమాడటం, ఏమీ తెలియని రైతుతో బేరమాడినంత సులువు కాదు.

అదే పలాస జీడిపప్పు చూడండి. డబ్ల్యూ-180, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని గ్రేడ్లు. పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయన్నదే ఆ అంకె. సైజుకు మార్కులున్నాయి, రంగుకున్నాయి, పగలకుండా ఉన్నందుకున్నాయి. రుచికి? అంకె లేదు. భీమాళి మామిడి తాండ్రకూ అంతే. ఏ పండుతో చేస్తే ఎలా ఉంటుందో, ఎన్ని ఎండలు తగిలితే ఏ రంగూ ఏ వాసనా వస్తాయో చేసే ఆడవాళ్లకు తెలుసు. ఆ తెలివికి కాగితం మీద చోటు లేదు. కాగితం మీద లేనిదానికి మార్కెట్లో ధర ఉండదు. వైన్‌కు ఫ్రాన్సువాళ్లు చేసిందీ కాఫీకి అరకులో జరిగిందీ ఒక్కటే... తెలిసిన రుచికి మాటలు వెతికి, మాటలకు కొలత పెట్టడం. ఉత్తరాంధ్రలో డిగ్రీ చదివే పిల్లలు ఎవరైనా ఈ చదువు చదివి తిరిగొస్తే, వాళ్లకు చేతినిండా పనుంది.

ఇంట్లోనే మొదటి పాఠం

పైసా ఖర్చులేని పాఠాలు రెండు. మొదటిది పిల్లలకు సరదా. పంచదారలో కాస్త యాలకుల పొడి కలిపి, ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకోమనండి. తీపి తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలగానే యాలకులు గుప్పుమంటాయి. రుచిలో ముక్కు వాటా ఎంతో ఆ క్షణంలో అర్థమవుతుంది.

రెండోది పెద్దలకు. రెండు కొట్ల నుంచి బెల్లం తెచ్చి ఒకే కొలతతో పానకం కలపండి. మూడు గ్లాసులు తీసుకుని రెండింటిలో ఒక పానకం, మూడోదాంట్లో మరో పానకం పోయండి. ఏది వేరో కళ్లు మూసుకుని చెప్పాలి. టేస్టర్లకు పెట్టే అసలు పరీక్ష కూడా ఇలాంటిదే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిచి మురిసిపోవద్దు. అయిదారుసార్లు చేయండి. ప్రతిసారీ ఎందుకు వేరో ఒక్క మాట కాగితం మీద రాయండి. 'బాగుంది', 'బాలేదు' అన్న మాటలు మాత్రం నిషిద్ధం!